రాకడ అనే అభ్యంతరం

మా క్యాథలిక్కుల పెళ్లికి ముహూర్తం ఉండదు గానీ మూఢం ఉంటుంది. ఈ మాట నాది కాదు. మన్సూరాబాద్‌లో మా అక్క పక్కవాటాలో ఉండే నల్లగొండ ఆవిడది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోనూ, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలోనూ మా గుళ్లో పెళ్లిళ్లు చేయరని చెప్పినప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గట్లనా సార్! మీకు గూడ మూఢాలుంటయా? మీదంత వేరే ఉంటదేమో అనుకుంటిమి" అంది.

మా మేనకోడలి పెళ్లి ఆ రెండు మూఢాల మధ్య పడి నలిగిపోవడానికి కారణం మాత్రం పంచాంగం కాదు, ప్రపంచాంతం.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పోటీ పరీక్షల పిల్లలకు తెలుగు చెబుతాను. సంధులు, సమాసాలు, సామెతలు. ఆదివారం పొద్దున గుళ్లో పూజ అయ్యాక చిన్నపిల్లలకు సత్యోపదేశం, అంటే మా మత పాఠాలు, చెబుతాను. వారమంతా ఉద్యోగాలు రానివాళ్లకు, ఆదివారం పళ్లు రానివాళ్లకు. రెండుచోట్లా గంట కొట్టేదాకానే నా మాటకు విలువ. ఇంట్లోవాళ్లకైతే ఆ గంట కూడా అక్కర్లేదు.

అక్క నాకంటే చాలా పెద్దది. బట్టలు కుడుతుంది. ఆ చుట్టుపక్కల కాలనీల్లో పెళ్లికూతుళ్ల జాకెట్లు చాలావరకు ఆవిడ మిషన్ మీద పుట్టినవే. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చినా ఆవిడ మాటలో గుంటూరు పోలేదు. బావ పోయాక మాత్రం ఆవిడలో ఏదో పోయింది. మా గుడి నుంచి ఫాదర్ గారు ఒకసారి వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. సంవత్సరీకానికి దివ్యపూజ పెట్టించాం. అంతే. ఎల్బీనగర్‌లో టైల్స్ షాపు పైన హాలు కిరాయికి తీసుకుని నడిపే ఒక ప్రార్థనా మందిరం వాళ్లు మాత్రం నెలల తరబడి వచ్చారు. పాస్టర్ గారి భార్య పొద్దున్నే ఇడ్లీల క్యారేజీతో వచ్చి, అక్క తినేదాకా పక్కనుంచి లేచేది కాదట. సిద్ధాంతంలో వాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను. ఇడ్లీలతో ఏం వాదించను?

ఇడ్లీల వెనక బోధ వచ్చింది. రాకడ దగ్గరపడింది, ప్రభువు ఎవరికీ తెలియకుండా మేఘాల దాకా వచ్చి తనవాళ్లను రెప్పపాటులో పైకి తీసుకుపోతాడు, దాని పేరు ఎత్తబడటం, ఎత్తబడనివాళ్లు కింద ఏడేళ్లు శ్రమలు పడతారు. అక్క ఆదివారం పొద్దున మా గుడికి, సాయంత్రం ఎల్బీనగర్ హాలుకు పోవడం మొదలుపెట్టింది. మెట్రోకు ఎల్బీనగర్ చివరి స్టేషన్ కాబట్టి అంత్యకాలం బోధించడానికి అంతకంటే తగిన చోటు దొరకదని నేను వేళాకోళం చేశాను. అక్క నవ్వలేదు. నా వేళాకోళాలకు నవ్వకపోవడం మా ఇంట్లో కొత్త కాదు గానీ, ఈసారి జాలిగా కూడా చూసింది.

పాస్టర్ గారు తేదీ చెప్పరు. ఆ తెలివి ఆయనకుంది. "ఈ ఏడాది దాటదు" అంటారు.

"అక్కా, ఏడాది దాటదంటున్నావు. మరి ఫిబ్రవరి పెళ్లిళ్లకు జాకెట్లెందుకు ఒప్పుకున్నావు?" అని ఓరోజు అడిగాను.

"వాళ్లు ఉంటారు కదరా ఇక్కడే. పెళ్లిళ్లు మానరుగా."

"కుట్టేదెవరు?"

"కత్తిరించి, ఎవరివి వాళ్లకు మూటకట్టి పెట్టాను. ఎవరిచేతన్నా కుట్టించి ఇచ్చెయ్యి. నువ్వూ ఇక్కడే ఉంటావుగా."

అవధారణార్థకం గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఒక్క 'గా' ఇంత లోతుకు దిగుతుందని నాకప్పుడే తెలిసింది.

అక్కకు ఒక్కతే కూతురు. వనస్థలిపురంలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. అబ్బాయి వాళ్లదీ వనస్థలిపురమే. నల్లగొండ వైపు నుంచి వచ్చిన క్యాథలిక్ కుటుంబం. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలం మాట్లాడుకున్నాం. ఆగమన కాలం మొదలయ్యేలోపు నవంబరు చివర్లో పెళ్లనుకున్నాం. ఎండాకాలంలో అక్కే అన్నిటికీ తలూపింది. చలికాలం వచ్చేసరికి పాస్టర్ గారు, నోవా కాలంలో జనం పెళ్లిళ్లు చేసుకుంటూ ఉండగానే జలప్రళయం వచ్చిందని బోధించారు. అక్క తల ఊపడం ఆగిపోయింది. అలాగని వద్దని కూడా అనలేదు. అనుంటే ఇంట్లోనే తేల్చుకునేవాళ్లం.

మా దగ్గర పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుళ్లో ప్రకటన చదువుతారు. ఫలానా వారి అమ్మాయికి, ఫలానా వారి అబ్బాయికి వివాహం. ఎవరికైనా అభ్యంతరం తెలిసి ఉంటే విచారణ గురువులకు తెలపాలి, అని. విచారణ అంటే మాకు ఒక గుడి కిందికి వచ్చే ప్రాంతం. ప్రకటన అయ్యాక అందరూ చెప్పులు వెతుక్కునే తొందరలో ఉంటారు. లేచి నిలబడి అభ్యంతరం చెప్పినవాళ్లను నేను ఏనాడూ చూడలేదు.

మూడో ప్రకటన చదవగానే మా అక్క లేచి నిలబడింది.

"ఫాదర్, నాకు అభ్యంతరం ఉంది."

పెళ్లికూతురి తల్లి అని అందరికీ తెలుసు. బయటికి పోబోతున్నవాళ్లు వాకిట్లోంచి వెనక్కి వచ్చారు. మా గుళ్లో జనం అంత శ్రద్ధగా వినడం నేను ఈస్టరు రోజున కూడా చూడలేదు.

ఫాదర్ గారు కంగారుపడ్డారు. "ఏంటమ్మా? అబ్బాయికి ఇంతకుముందు ఏమైనా..."

"అబ్బాయి బంగారం ఫాదర్. ప్రభువు వస్తున్నాడు."

ఆయన అలవాటు కొద్దీ "వస్తాడమ్మా, వస్తాడు" అన్నారు. తర్వాత, "ఎప్పుడు?" అన్నారు.

"ఈ ఏడాదే."

వెనక వరసలోంచి ఎవరో "ఆమెన్" అన్నారు. పాటలవాళ్లకు ఏం తోచక ముగింపు పాట ఎత్తుకున్నారు. అబ్బాయి తల్లి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. మేనకోడలు తల వంచుకుని ఫోన్ తెరిచి, ఏమీ చూడకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

ఆఫీసు గదిలో నిజంగానే విచారణ జరిగింది. ఫాదర్ గారు ఓపికగా చెప్పారు. "అమ్మా, ఆయన మహిమతో మళ్లీ వస్తాడని ప్రతి ఆదివారం విశ్వాస సంగ్రహంలో మనమూ చెబుతున్నాం. కానీ ఒక్కసారే వస్తాడు, అందరికీ కనబడేలా వస్తాడు. ముందు చాటుగా వచ్చి కొందరిని తప్పించి తీసుకుపోవడం, తర్వాత మళ్లీ రావడం, ఇది మన తిరుసభ మొదట్నుంచీ నమ్మింది కాదు. నిన్నమొన్న పుట్టిన మాట. కష్టాలు రానివ్వనని ఆయన అనలేదు. కష్టాల్లో తోడుంటానన్నాడు."

చక్కగా చెప్పారు. ఇదే మాట ఏడాది ముందు ప్రసంగంలో చెప్పి ఉంటే నాకు ఇంత కడుపుమంట ఉండేది కాదు. మా ప్రసంగాలన్నీ గుడి రంగులు, క్రిస్మస్ స్టార్లు, పిల్లల పోటీల చుట్టూ తిరుగుతాయి. నేను చెప్పే సత్యోపదేశం పుస్తకంలో అంత్య సంగతులు చివరి పాఠం. వేసవి సెలవులు వచ్చేస్తాయి కాబట్టి అక్కడిదాకా ఎప్పుడూ పోము. లోకాంతం మాకు సిలబస్‌లో పూర్తికాని పాఠం.

నేనూ నా వంతుగా సామెత ఎత్తుకున్నాను. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసక్కా? ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని ఆయనే అన్నాడు గదా."

"దినం, గడియ తెలియదన్నాడు. ఏడాది తెలియదన్నాడా?"

ఫాదర్ గారు నావైపు చూశారు. నేను క్యాలెండర్ వైపు చూశాను.

అది పెళ్లి ఆపదగ్గ అభ్యంతరం కాదనీ, మీరు సరేనంటే చేసేస్తాననీ ఫాదర్ గారు అన్నారు. మేనకోడలు తల ఎత్తకుండానే, "అమ్మ లేకుండా నేను చేసుకోను" అంది. నవంబరు తేదీ పోయింది. ఫంక్షన్ హాలు వేరేవాళ్ల పాలైంది. ఇక ఆగమన కాలం వస్తుంది కాబట్టి జనవరి దాకా గుళ్లో పెళ్లి లేదు. ఫిబ్రవరిలో విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలైతే మళ్లీ ఈస్టరు దాకా లేదు. అబ్బాయి బంధువుల్లో అప్పటికే ఒకరిద్దరు, ఇంకో సంబంధం చూద్దామా అన్నారని మా చెవిన పడింది.

ఆ వారంలోనే అబ్బాయి తల్లి మన్సూరాబాద్ వచ్చింది. చెప్పులు విడుస్తూనే అందుకుంది.

"గిదేంది వదినె? నడి గుళ్ల నిలబడి నా కొడుకు పెండ్లికి అడ్డం జెప్తివి! ఇంటికి పిలిచి చెప్తె నేను ఇననా?"

"మీ కొడుకు మీద నాకేం కోపం లేదు వదినగారూ. సమయం అలాంటిది."

"ప్రభువు ఒస్తే రానీ. పెండ్లిల భోజనం జేసి పోతడు. కానా ఊర్ల పెండ్లికి పోలేదా ఆయన?"

నాకు హుషారు వచ్చింది. దాచిపెట్టుకున్న వాదం బయటికి తీశాను. మేఘాల్లో ప్రభువును ఎదుర్కోవడానికి తీసుకుపోబడతామని అపోస్తలుడు రాసిన మాట మీదే కదా వాళ్ల కట్టడమంతా. ఆ రోజుల్లో రాజు ఊరికి వస్తే జనం ఊరి బయటదాకా ఎదురెళ్లి, ఆయనను వెంటబెట్టుకుని మళ్లీ ఊళ్లోకి వచ్చేవాళ్లు. తొలినాటి గురువులు దాన్ని అలాగే వివరించారు.

"అది ఎదురుకోలు అక్కా! పెళ్లివారు పొలిమేరకు వస్తే మనం పూలు, పానకం పట్టుకుని ఎదురెళ్తాం. ఎదురెళ్లి వాళ్లతోపాటు వాళ్ల ఊరికి పోతామా? విడిదికి తీసుకొస్తాం. ప్రభువును ఎదుర్కోవడమూ అంతే. పారిపోవడం కాదు, పిలుచుకు రావడం."

వియ్యపురాలు "అబ్బా, సార్ మంచిగ జెప్పిండు" అని మెచ్చుకుంది. నేను ఇంకా ఉబ్బేలోపే అక్క అడిగింది.

"పిలుచుకు రావడం ఎక్కడికిరా?"

"ఇక్కడికే. భూమ్మీదికి."

"ఈ ఎల్బీనగర్ చౌరస్తాలోకా? ఈ ట్రాఫిక్‌లోకి ఆయనను పిలుచుకొస్తావా? నీకన్నా ఆ పాస్టర్ గారే నయం. కనీసం ఇక్కణ్నుంచి తీసుకుపోతానంటున్నాడు."

వియ్యపురాలు ఫక్కున నవ్వింది. "గదీ నిజమే" అంది. మిత్రపక్షం నా కళ్లముందే గోడ దూకింది.

ఆరోజు మేనకోడలు నన్ను మెట్రో దాకా బండి మీద దింపింది. దిగుతుంటే అంది, "మామయ్యా, నువ్వు వాదాలు చెబుతావు, వాళ్లు వీడియోలు పంపుతారు. నేను ల్యాబ్ నుంచి రావడం ఆలస్యమైతే అమ్మ ఏం చేస్తుందో తెలుసా? ముందు నాకు ఫోన్ చేస్తుంది. నేను తీయకపోతే పాస్టరమ్మగారికి చేస్తుంది. ఆవిడ ఎత్తితే 'ఏం లేదమ్మా' అని పెట్టేస్తుంది."

"ఎందుకు?"

"ఆవిడ ఫోన్ ఎత్తిందంటే ఇంకా ఎత్తబడలేదన్నమాట. అంటే నేను కూడా ఎక్కడో రోడ్డు మీదే ఉన్నానన్నమాట."

నవ్వాను. తను నవ్వలేదు. బండి తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆగమన కాలం మొదటి ఆదివారం అక్కను నేనే పట్టుబట్టి పూజకు తీసుకెళ్లాను, ఫాదర్ గారి ప్రసంగం ఆవిడకు మంచి చేస్తుందని. ఆరోజు చదివే బైబిలు పఠనాలేమిటో ముందుగా చూసుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. పఠనాల పుస్తకం ఇంట్లో పెట్టుకుని, పిల్లలకు దాన్ని చూడటం నేర్పేవాణ్ని నేనే. సువిశేష పఠనం మొదలైంది. నోవా దినాలు, పెళ్లిళ్లు చేసుకునే జనం, జలప్రళయం, తిరగలి విసిరే ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు తీసుకుపోబడటం, ఒకరు విడిచిపెట్టబడటం. మా గుళ్లో, మా ఫాదర్ గారి నోట, ఎల్బీనగర్ హాలు బోధ అక్షరం పొల్లుపోకుండా. అక్క తల తిప్పి నావైపు చూసింది. ఆ చూపులో గెలుపు కూడా లేదు. 'చెప్పానుగా' అంతే. ఫాదర్ గారు ఆ తర్వాత ప్రసంగంలో మెలకువగా ఉండటమంటే ఉదయం పూజకు ఆలస్యంగా రాకపోవడమని చెప్పారు. నాకు లేచి నిలబడి అభ్యంతరం చెప్పాలనిపించింది.

తిరిగి వస్తూ సరూర్‌నగర్ చెరువు పక్కగా ఆటోలో పోతున్నాం. ఆటో చప్పుడు మీద అరిచినట్టుగా చెప్పాను. "అక్కా, సరిగ్గా విను. నోవా రోజుల్లో తీసుకుపోయింది ఎవర్ని? నీళ్లు తీసుకుపోయింది పాపుల్ని. మిగిలింది ఓడలో ఉన్న నోవా. అంటే మిగలడమే మంచిది. ఈ చెరువు పొంగి మీ పాత ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు ఏమనుకున్నావు? కొట్టుకుపోతే బాగుండుననుకున్నావా, మిగిలితే చాలుననుకున్నావా?"

అక్క తల తిప్పి చెరువు వైపు చూసింది. గెలిచాననుకున్నాను. ఆటో చైతన్యపురి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అంది.

"అప్పుడు మీ బావ ఉన్నాడురా. మంచం మీద కుర్చీ వేసుకుని ఇద్దరం మిగిలాం."

సిగ్నల్ పడ్డా ఆటో కదల్లేదు, ముందు బస్సు అడ్డం ఉంది. నా దగ్గర ఇంకా రెండు మూడు వచనాలున్నాయి గానీ వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

బేరం కుదిర్చింది మేనకోడలే. సాయంత్రం టీ తాగుతూ మా ఇద్దరి ముందే అడిగింది.

"అమ్మా, ఈ ఏడాది దాటదన్నావుగా. సరే. నేను ఆగుతాను. దాటితే మాత్రం నువ్వు నా పెళ్లికి రావాలి. వచ్చి ఊరికే ఒక మూల కూర్చోవడం కాదు. జాకెట్టు నువ్వే కుట్టాలి."

"దాటదమ్మా."

"దాటితే?"

"దాటితే కుడతాను."

ఆ డిసెంబరు నాకు క్రిస్మస్‌లా లేదు. పుట్టిన బాలుడి కోసం పాటలు పాడుతూ, రాబోయే రాజు కాస్త ఆలస్యంగా రావాలని కోరుకోవడం ఎంత ఇబ్బందో ఎవరికి చెప్పను? ఒక పక్క అక్క నమ్మకం ఓడిపోవాలని కోరుకుంటున్నాను. ఇంకో పక్క ఓడిపోతే ఆవిడ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. కోచింగ్ సెంటర్లో పిల్లలు ఏ ప్రశ్న అడిగినా విసుక్కున్నాను. ఒక పిల్ల మెల్లగా, "సార్ పరేషాన్ల ఉన్నడు, ఇయ్యాల అడగొద్దు" అని పక్కపిల్లతో అనడం వినబడింది.

ఏడాది దాటింది.

కొత్త సంవత్సరం పూజ అయ్యాక మేనకోడలితో కలిసి అక్క ఇంటికి వెళ్లాను. రాత్రంతా హాల్లో ప్రార్థన చేసి వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఏమీ అనకూడదని దారి పొడవునా నాకు నేనే చెప్పుకున్నాను.

"పాస్టర్ గారు ఏమన్నారు?" అని నోరు జారింది.

"ఆయన చెప్పింది యూదుల లెక్క ప్రకారమట. మన ఏడాది కాదట."

"అంటే ఉగాది దాకా గడువు పెంచారన్నమాట."

"వెక్కిరించకు. అలిసిపోయి ఉన్నాను." మెడలో వేలాడుతున్న టేపు తీసింది. "ఇలా రా అమ్మా. చేతులు ఎత్తు."

కూతురు చేతులెత్తి నిలబడింది. అక్క టేపు చుట్టి కొలతలు తీసింది. ఆ కొలతలన్నీ ఆవిడకు నోటికే వచ్చు. చిన్నప్పటినుంచీ ఆ పిల్లకు బట్టలు కుట్టింది ఆవిడే. అయినా భుజాలు, నడుము, మోచేయి, అన్నీ మళ్లీ మళ్లీ కొలిచింది. మేనకోడలు చేతులు నొప్పెడుతున్నా దించలేదు.

పెళ్లి జనవరి చివరి వారంలో జరిగింది. బావ లేడు కాబట్టి పెళ్లికూతుర్ని పీఠం దాకా నడిపించే పని మేనమామగా నాది. కొత్త చొక్కా వేసుకుని, జుట్టుకు రంగు కూడా వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. అక్క వచ్చి కూతురి కుడిచెయ్యి పట్టుకుని, నన్ను చూడనట్టే లోపలికి నడిచింది. నేను వెనకాలే పోయాను, పెళ్లికి పిలవకపోయినా వచ్చిన దూరపు చుట్టంలా.

పీఠం ముందు అబ్బాయి నిలబడి ఉన్నాడు. సాధారణంగా తల్లి అక్కడ కూతుర్ని వదిలి మొదటి వరసలో కూర్చుంటుంది. అక్క కూర్చోలేదు. ప్రసంగం అయింది. ప్రమాణాల సమయం వచ్చింది. ఫాదర్ గారు "కుడిచేతులు కలపండి" అన్నారు. అబ్బాయి చెయ్యి చాచాడు. పెళ్లికూతురి కుడిచెయ్యి అక్క పిడికిట్లో ఉంది.

ఫాదర్ గారు మళ్లీ అన్నారు. ఫోటోగ్రాఫర్ కెమెరా దించాడు.

"అక్కా, చెయ్యి వదులు" అన్నాను పళ్ల బిగువున.

ఆవిడ వదల్లేదు. వేళ్లు తెల్లబడ్డాయి. విడదీయడానికి నేను ముందుకు వంగాను. మేనకోడలు నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఉండనీ మామయ్యా" అంది. అని, తల్లి చేతితో సహా తన చేతిని అబ్బాయి అరచేతిలో పెట్టింది.

"కానియ్యండి ఫాదర్" అంది వెనకనుంచి వియ్యపురాలు. "తల్లి చెయ్యే గదా. ఆడ బగారన్నం సల్లారుతాంది."

ఫాదర్ గారు ఒక్క క్షణం ఆలోచించి, మెడలోని పట్టీ తీసి ముగ్గురి చేతుల మీదా చుట్టారు. అక్క కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా వంగి ఉన్నాను కాబట్టి నాకు వినబడింది.

"ఇంకొక్క గంట ఆగు ప్రభువా. ఒక్క గంట."